పొట్టేలు కొవ్వు, పెద్దమ్మ మడమలు

తిరుపతిలో ఉంటూ కొవ్వు గురించి రాయాలంటే కొంచెం గుండె కావాలి. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి గొడవ లేచిన దగ్గర్నుంచి మా ఊళ్ళో "జంతువుల కొవ్వు" అన్న మాట చెవిన పడితే నలుగురూ తల తిప్పి చూస్తారు. అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసేదాకా పోయిన వ్యవహారం అది, దాని జోలికి నేను పోను. నాది మా వంటింటి గోల. కిలోంబావు పొట్టేలు కొవ్వు, పగిలిన మడమలు, వాటి మధ్యలో నేను చేసిన ఒక తెలివితక్కువ పని.

మడమలు పగలని మనిషి మా వీధిలో దొరకడం కష్టం. ఎండ ఒక కారణమైతే వట్టికాళ్ళ నడక ఇంకొకటి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే, 2,388 మెట్లే, కానీ మోకాళ్ళ ప్రాణం తీస్తుంది. బయటూళ్ళ వాళ్ళు మొక్కుకుని ఎప్పుడో ఒకసారి ఎక్కిపోతారు. ఊళ్ళో నెలకోసారి ఎక్కేవాళ్ళు ఉన్నారు, మా పక్కింటి పెద్దమ్మ అలాంటి మనిషి. అరవై దాటినా మానలేదు. ఆమె మడమలు చూస్తే ఎండాకాలంలో నెర్రెలిచ్చిన చెరువు గుర్తొస్తుంది. ఆముదం, పసుపు, ట్యూబు క్రీములు అన్నీ అయ్యాయి. రాత్రి ఏదైనా రాసుకుని సాక్సులేసుకుని పడుకోమని డాక్టరమ్మ చెప్తే, "సాక్సులేసుకుంటే నిద్రెట్ల పడుతుందమ్మా, అదేమన్నా ఆఫీసా" అని కొట్టిపారేసింది.

నాకు ఈ పిచ్చి ఎక్కించింది మా తమ్ముడు. బెంగళూరులో ఉంటాడు, పని తక్కువున్న రోజు రీల్స్ పంపుతాడు. ఒక రీల్‌లో ఎవరో విదేశీ ఆవిడ వెన్నలాంటిది ముఖానికి రాసుకుంటూ ఇది ఆవు కొవ్వు, ట్యాలో బామ్, మన పూర్వీకులు వాడింది ఇదే, ఇంకే క్రీమూ అక్కర్లేదు అంటోంది. కింద మావాడి మాట: "అక్కా, నీ పొడి చర్మానికి." ఆన్‌లైన్‌లో చూస్తే బొటనవేలంత డబ్బా వందల్లో ఉంది. మా చిన్నాయన ఇంట్లో కుక్కలకు పారేసే సరుకును వందలు పోసి కొనడమేందని నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే మనమే చేసుకుంటే పోలే అన్న ఆలోచన కూడా వచ్చింది.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చింది. చూడనివాళ్ళకు చెప్పాలంటే, ఆ వారం రోజులూ మా ఊళ్ళో మామూలు మనిషి కనిపించడు. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. పసిబిడ్డకు కూడా ఏదో ఒకటి పూసి చంకనేసుకొస్తారు. వెంకన్న చెల్లెలు అని గంగమ్మకు కొండ మీది నుంచి సారె వస్తుంది. కొండ మీద నీచు అన్న మాటే లేదు, కింద చెల్లెలి దగ్గర పొట్టేళ్ళు, కోళ్ళు. ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో కలిసి ఉంటాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. దేనికి ఎక్కడ చోటో అందరికీ తెలుసు గనక. ఇది అప్పుడు నాకు తట్టలేదు.

జాతరకు చిన్నాయన వాళ్ళు పొట్టేలు కోశారు. కార్జం పిల్లలకు, తలకాయ పెద్దవాళ్ళకు, మాంసం చుట్టాలకు పంచుతుంటే నేను పోయి కొవ్వు అడిగాను. చిన్నాయన కత్తి ఆపి నా ముఖం చూసి, "నీకు తక్కువైందా ఏం?" అన్నాడు. అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. అయినా సంచీ నిండా ఇచ్చాడు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్తాను, రీల్స్‌లో ఇది చెప్పరు. కొవ్వులన్నీ ఒకటి కావు. చర్మం కింద, మాంసం మధ్య ఉండేది మెత్తగా ఉంటుంది, వాసనా ఎక్కువ. కిడ్నీల చుట్టూ తెల్లగా, పొడిబారినట్టు, చేత్తో చిదిమితే పెళుసుగా విరిగేది ఉంటుంది, అది కావాలి. మటన్ అంగట్లో కొందరు ఊరికే ఇస్తారు, కొందరు ఖైమాలో కలిపి మనకే అమ్ముతారు. తెచ్చిన దాంట్లో నెత్తురు చార, మాంసం పోగు ఏదున్నా గీకి తీసేయాలి, వాసన మొదలయ్యేది వాటి దగ్గరే. గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడి సన్నగా తరగడానికి వీలవుతుంది. తరిగిన కొవ్వు మునిగేంత నీళ్ళు పోసి, రెండు స్పూన్ల రాళ్ళుప్పు వేసి, సన్నటి సెగ మీద మూడు గంటలు కాచాను. వెన్న కాచి నెయ్యి తీసినట్టే అనుకోండి, కాకపోతే వాసన మాత్రం నెయ్యిది కాదు. మా ఆయన అన్ని కిటికీలూ తెరిచి, ఏమీ అనకుండా, బండి తీసుకుని బయటికి పోయాడు.

పాత పంచె ముక్కలో వడగట్టి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పైన తెల్లటి బిళ్ళ, కింద గోధుమరంగు నీళ్ళు. బిళ్ళ తిరగేసి అడుగున అంటిన మడ్డి గీకేసి, మళ్ళీ కొత్త నీళ్ళు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ కాచుడు. మూడుసార్లు చేశాను. మూడోసారికి వాసన బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎన్నిసార్లు కడిగినా పొట్టేలు వాసన కొంచెం మిగులుతుంది. 4-మిథైల్ ఆక్టనోయిక్ ఆమ్లం లాంటి కొన్ని ఆమ్లాలు ఆ కొవ్వులోనే ఉంటాయి, మటన్ వండే ఇంటిని వీధి మొదట్లోనే ముక్కు గుర్తుపట్టేది వాటివల్లే. ఆఖరిసారి నీళ్ళు లేకుండా, చిటపట ఆగేదాకా కాచాలి. తడి మిగిలితే ఆ డబ్బా తొందరగా పాడైపోతుంది. కాగుతున్న కొవ్వులో నీటి చుక్క పడితే ముఖం మీదికి చిందుతుంది, పొరపాటున అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, స్టవ్ కట్టేసి మూత పెట్టాలి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

గిన్నెలు వేడినీళ్ళతో కడిగి సింకులో పారబోశాను. వేడి మీద నీళ్ళలాగే పోయింది, గొట్టంలో చల్లబడి కొవ్వొత్తిలా బిగుసుకుంది. ప్లంబరు వచ్చి గొట్టం విప్పి చూసి, "ఏందక్కా ఇది, హోటలు పెట్టినారా?" అన్నాడు. గిన్నెను ముందు పాత పేపరుతో తుడిచి చెత్తలో వేయాలి.

కిలోంబావుకు 800 గ్రాముల దాకా దిగింది. పొట్టేలు కొవ్వు దాదాపు 45 డిగ్రీల దగ్గర గానీ సరిగ్గా కరగదు, మన చర్మం అంత వేడి ఉండదు కాబట్టి ఒట్టిది రాసుకుంటే కొవ్వొత్తి రుద్దుకున్నట్టే ఉంటుంది. అందుకే 100 గ్రాముల కొవ్వుకు 50 గ్రాముల నువ్వులనూనె, 10 గ్రాముల తేనెమైనం కలిపాను. కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరుగుతుంది, మా ఊరి మే నెలలో అది సీసాలో నీళ్ళే. ఈ బామ్ మాత్రం 42 డిగ్రీల ఎండలో కూడా డబ్బాలో ఎక్కడిదక్కడే నిలబడింది. చల్లార్చడంలో ఒక మెలిక ఉంది. నిదానంగా చల్లారితే కొవ్వు గింజ కడుతుంది, వేలితో తీస్తే బొంబాయి రవ్వలా తగులుతుంది. గిన్నెను ఐసు నీళ్ళలో పెట్టి పప్పుగుత్తితో ఆపకుండా గిలక్కొడితే వెన్నలా వస్తుంది. నా మొదటి విడత రవ్వే. కలబంద గుజ్జు, రోజ్ వాటర్, పెరుగు లాంటి తడి సరుకేదీ ఇందులో కలపొద్దు, బూజు పడుతుంది. కనరు వాసన వచ్చిన రోజు పారేయాలి, ఎంత కష్టపడి చేశామన్నది చూడకూడదు.

పని చేసిందా అంటే, చేసింది. నా మోచేతులు, మడమలు పది రోజుల్లో మెత్తబడ్డాయి. ఎందుకు పని చేసిందో మాత్రం రీల్‌లో చెప్పిన కారణం కాదు. మన చర్మం మీది నూనె, ఈ కొవ్వు ఒకటే అంటారు. కాదు. మన చర్మపు నూనెలో స్క్వాలీన్ అనే నూనె పదార్థం పదో వంతు పైన ఉంటుంది, మైనం జాతి పదార్థాలు పావు వంతు దాకా ఉంటాయి, పొట్టేలు కొవ్వులో ఇవి అలా ఉండవు. ఇందులో ఉండేది ముఖ్యంగా ఓలిక్, పామిటిక్, స్టియరిక్ ఆమ్లాల కొవ్వు. అది చేసే పని చర్మం లోపలి తడి ఆవిరైపోకుండా మూత వేయడం. ఆ మూత పని పెట్రోలియం జెల్లీ ఇంకా గట్టిగా చేస్తుంది, 1872లో పేటెంట్ తీసుకున్న పాత సరుకు, చవక, వాసన లేదు. పోటీ పెడితే నా బామ్ ఓడిపోతుంది, నాకు తెలుసు. ముఖానికి రాస్తే మొటిమలున్న వాళ్ళకు ఇంకా ఎక్కువ కావచ్చు. ఎండను ఆపే సన్‌స్క్రీన్ కాదు. కాలిన చోట రాయకూడదు, అక్కడికి కావలసింది కుళాయి కింద పారే నీళ్ళు. షుగరున్న వాళ్ళ కాలి పగుళ్ళకు రాసి ఊరుకోకూడదు, డాక్టరుకు చూపించాలి.

"పూర్వీకులు వాడారు" అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. పూర్వీకులు ఉడుము తైలమూ వాడారు, నెమలి కొవ్వూ వాడారు. ఇప్పటికీ రోడ్డు పక్కన సీసాలు పరిచి నొప్పులకని అమ్మేవాళ్ళు కనిపిస్తారు. ఉడుము, నెమలి రెండూ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవులు, వాటిని చంపడం నేరం. పాతదైనంత మాత్రాన మంచిదైపోదు. ఇక "పచ్చిగడ్డి తిన్న పశువు కొవ్వు" అని డబ్బా మీద గొప్పగా రాసుకుంటారు. మా పొట్టేళ్ళు శెనక్కాయ చేను పీకిన తర్వాత అందులో మేస్తాయి, తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీద అరటితొక్క కనిపిస్తే అదీ వదలవు. దాన్ని ఏమని రాయాలో నాకైతే తెలియదు.

అసలు సంగతికి వస్తాను. జూన్‌లో ఒక సాయంత్రం పెద్దమ్మ అరుగు మీద కూర్చుని మడమ పగుళ్ళలోంచి నెత్తురు తుడుచుకుంటోంది. నేను లోపలికి పోయి ఒక డబ్బా తెచ్చి చేతిలో పెట్టాను. "ఇంట్లో చేశాను పెద్దమ్మా, అంతా నేచురల్." ఇవే నా మాటలు. ఇప్పటికీ ఆ "నేచురల్" గుర్తొస్తే సిగ్గేస్తుంది. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. చెప్తే వద్దంటుందని లోపల ఎక్కడో తెలుసు. ఎలాగూ కాళ్ళకేగా, నోట్లోకి పోదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వాళ్ళింట్లో నీచు ఏ రోజూ లేదు, శనివారం ఉల్లిపాయ కూడా తగలదు. మేం తినేవాళ్ళమే, అయినా శనివారం ముట్టం, కొండకు పోయే ముందు రోజూ ముట్టం. అంటే ఆ లెక్క నాకు తెలియనిది కాదు.

రెండు వారాల తర్వాత ఆమె సంబరంగా వచ్చింది. పగుళ్ళు పూడిపోయాయి, మొన్న శనివారం అలిపిరి నుంచి ఎక్కితే ఒక్క మెట్టు దగ్గర కూడా చురుక్కుమనలేదు, ఇంకో డబ్బా కావాలి, వాళ్ళ చెల్లెలికి పంపాలట. సరిగ్గా అప్పుడే మా చిన్నాయన కూతురు వంటింట్లోంచి, "అక్కా, కొవ్వు ఇంకా ఉందా, నాన్న అడగమన్నాడు" అని అరిచింది. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపు తన పాదాల వైపే చూసుకుని, "నోట్లో పెట్టుకోలేదులే అమ్మా," అంది, "కానీ ఆ కాళ్ళతోనే కదా ఎక్కింది." డబ్బా నా గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. నెల రోజులు మా ఇంటికి ప్రసాదం రాలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా, చెప్పి ఉంటే వీధంతా నాకు జాతర చేసేది.

తమ్ముడికి ఫోన్‌లో చెప్తే వాడు వాదనకు దిగాడు. నెయ్యి మాత్రం జంతువు కొవ్వు కాదా? గుళ్ళో మోగే మృదంగం తోలు చెట్టుకు కాసిందా? ఆమె వాడిన ట్యూబుల్లో లానోలిన్ ఉంటే అది గొర్రె ఉన్ని కొవ్వే కదా? విటమిన్ ఇ క్యాప్సూల్ గుచ్చి ముఖానికి రాసుకుంటుందే, ఆ గొట్టం మామూలుగా జెలటిన్, అది పశువుల తోలు, ఎముకల నుంచి తీసిందే. స్టియరిక్ ఆమ్లం అని రాసుంటే అది పామాయిల్‌దో పశువుదో కొన్నవాడికి తెలియదు. సబ్బు మీద సోడియం టాలోవేట్ అని ఉంటే అది నువ్వు కాచిన సరుకే అక్కా. తెలియకుండా ఎన్ని రాసుకోలేదు, నీ డబ్బా దగ్గరే మైల వచ్చిందా?

వాడు చెప్పిన ఒక్కో ముక్కా నిజమే. అయినా వాడి వాదన నాకు ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదో తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. రసాయనంగా చూస్తే నెయ్యీ కొవ్వే. కానీ పెద్దమ్మ గీసుకున్న గీత రసాయనంలో లేదు, గొంతు కోయడంలో ఉంది. నెయ్యికి ఆవు చావదు. మృదంగం తోలని ఆమెకు తెలుసు, తెలిసే దండం పెడుతుంది. ఏది ఎంతవరకు సరే అన్నది ఆమె నిర్ణయం. ఆ నిర్ణయంలో తర్కం తక్కువ ఉందని నాకనిపించినా, ఆమె బదులు నేను తేల్చే హక్కు నాకు లేదు. కంపెనీవాడు చెప్పకుండా కలిపితే నేను చెప్పకుండా ఇచ్చింది ఒప్పైపోదు. పైగా కంపెనీవాడు ఆమె ఎవరో ఎరగడు. నాకు ఆమె శనివారాలు తెలుసు.

చర్మం నోరు కాదు కదా అన్న వాదన కూడా మా ఊళ్ళో నిలబడదు. కుంకుమ పూసుకుంటే ఒక వేషం, బొగ్గు పూసుకుంటే ఇంకో వేషం, నుదుటి మీద గీత నిలువా అడ్డమా అన్నదాన్ని బట్టి మనిషి ఎటో తెలిసిపోయే చోట, ఒంటికి రాసుకునేదానికి అర్థం లేదని నేనెట్లా అనుకున్నానో! తినే ప్యాకెట్ మీద పచ్చ గుర్తు, గోధుమరంగు గుర్తు చూసి కొంటాం. "సహజం", "నేచురల్" అన్న మాటలు ఆ గుర్తు చేసే పని చేయవు, ఒక్కోసారి ఉన్నదాన్ని కప్పిపెట్టడానికే పనికొస్తాయి. ట్యాలో అని ఇంగ్లీషు పేరు పెట్టి అమ్మేవాళ్ళను అడగాలనుంది: తెలుగులో కొవ్వు అని రాయండి, ఏ పశువుదో రాయండి, అప్పుడు ఎన్ని డబ్బాలు పోతాయో చూద్దాం. నా డబ్బాలకు ఇప్పుడు మూత మీదే తెల్ల కాగితం అంటించి ఉంటుంది, "పొట్టేలు కొవ్వు" అని పెద్దక్షరాల్లో. అది చూసి ఆఫీసులో ఇద్దరు వెనక్కిచ్చారు, ముగ్గురు అడిగి మరీ తీసుకున్నారు.

శ్రావణంలో పెద్దమ్మ మళ్ళీ వచ్చింది, చేతిలో ఆవు నెయ్యి గిన్నె. "దీంతో చెయ్యి చూద్దాం." నెయ్యిని నూరుసార్లు నీళ్ళతో కడిగితే శతధౌత ఘృతం, ఆయుర్వేదంలో ఉన్నదే. వెడల్పాటి రాగి తట్టలో నెయ్యి వేసి, చన్నీళ్ళు పోసి అరచేత్తో రుద్ది, నీళ్ళు వంపేసి, మళ్ళీ పోసి రుద్దాలి. పోనుపోను పసుపు రంగు పోయి తెల్లబడుతుంది, నెయ్యి వాసన తగ్గి నురగలాంటి క్రీమ్ అవుతుంది. నాకు నలభై దగ్గరే భుజం లాగింది. పెద్దమ్మ అరుగు మీద తులసిమాల తిప్పుతూ లెక్క పెడుతోంది. "మైనం కలపొచ్చా పెద్దమ్మా, తేనెటీగలది?" అంటే, "సామికి తేనెతోనే అభిషేకం చేస్తారు, మైనానికేం" అంది. అరవై రెండు దగ్గర నేను లెక్క తప్పాను. ఆమె తప్పలేదు. నూరైనాక ఆపబోతే మాల చూపించి నూట ఎనిమిదికి గానీ వదల్లేదు.

నిజం చెప్పాలంటే పొట్టేలు బామ్‌తో ఇది సరితూగదు. రాసుకున్నప్పుడు హాయిగా ఉంటుంది, మడమ మీద ఎక్కువసేపు నిలవదు. లోపల తడి ఉంటుంది గనక కొంచెం కొంచెమే చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, మే నెల ఎండలో బయట పెడితే ఇట్టే జారిపోతుంది. పెద్దమ్మకు పగుళ్ళు కొంచెం మళ్ళీ వచ్చాయి. ఆమె ఆ నేతి డబ్బానే పెరుగు గిన్నె పక్కన పెట్టుకుని రోజూ రాత్రి రాసుకుంటోంది. వచ్చే శనివారం శ్రీవారి మెట్టు వైపు నుంచి ఎక్కుతుందట, నన్నూ రమ్మంది.